మూడో రోజు సగం సీసా

ప్రేమ కళ్ళలోంచి పుడుతుందని కొందరంటారు, గుండెలోంచి అని కొందరంటారు. ఈ కథలో అది వంటింటి సింకులోంచి పుట్టింది. నమ్మకపోతే మీ ఇష్టం. ఆ పైపు ఇప్పటికీ అక్కడే ఉంది, వెళ్ళి అడగండి.

ఆ బిల్డింగుకి నాలుగంతస్తులు. లిఫ్ట్ లేదు. మూడో అంతస్తులో ఉండే కుర్రాడేమో లిఫ్ట్ మెకానిక్. పగలంతా ఊళ్ళో జనాన్ని పైకి పంపించి, సాయంత్రానికి తను మాత్రం సామాన్ల సంచీ భుజాన వేసుకుని యాభై నాలుగు మెట్లూ ఎక్కి ఇంటికి చేరేవాడు. దీపం కింద చీకటి అంటే అదే.

సరిగ్గా అతని కిందింట్లో ఒక అమ్మాయీ, వాళ్ళ అమ్మమ్మా ఉండేవాళ్ళు. అమ్మాయి కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. అమ్మమ్మ చెవులతో లోకాన్ని పరీక్ష చేస్తుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వింటే చాలు, మనిషి జాతకం చెప్పేది. ఒకసారి నాలుగో అంతస్తు ఆయన ఎక్కుతుంటే, "ఈయన ఎడమ చెప్పు అరిగింది, పెళ్ళాంతో మాటల్లేవు" అందట. రెండూ నిజమే.

ఒక గురువారం సాయంత్రం. బయట సన్నగా వాన. అమ్మాయి కప్పులూ గరిటెలూ కడుగుతుంటే సింకు గుడగుడమంది. కాసేపాగి గొంతు సవరించుకుంది. ఆ తర్వాత ఎర్రగా, చిక్కగా, బుడగలు బుడగలుగా పైకి ఉబికింది.

"అమ్మమ్మా!"

అమ్మమ్మ వచ్చి, కళ్ళు చికిలించి చూసి, నింపాదిగా అంది. "పైన ఎవర్నో వేసేశారే. గడియ పెట్టు."

అమ్మాయి గడియ పెట్టలేదు. చేతిలో గరిటె ఉన్నది ఉన్నట్టుగానే పద్దెనిమిది మెట్లూ ఎక్కి పైయింటి తలుపు బాదింది.

తలుపు తీసిన కుర్రాడి చేతిలో ఖాళీ సీసా. చొక్కా మీద ఎర్ర చుక్కలు.

"ఎవర్ని కోశారండీ?"

"ఎవర్నీ లేదండీ. వైన్. పులిసిపోయింది, పారబోస్తున్నా."

"మా సింకులోనా?"

"మా సింకులోనే అండీ. మీ సింకులోకి రావడం దాని ఇష్టం."

"అంత వైన్ పులిసేదాకా ఏం చేశారు?"

"ఒక్కణ్ణే కదండీ. రోజూ భోజనంతో ఒక గ్లాసు తాగుదామనే కొంటా. ఒకరోజు తాగుతా, రెండు రోజులు పనిలో పడి మర్చిపోతా. వారం వారం సగం సీసా సింకే తాగుతోంది."

"తాగట్లేదు. మా ఇంట్లో కక్కుతోంది."

అతను కాస్త ఆలోచించాడు. "అయితే తప్పు పైపుదండీ."

"పైపుది కాదు. మంచి వైన్‌ని సగం పారబోసే చేతిది."

ఆ మాటతో గరిటె అతని ముక్కు దాకా వచ్చింది. అతను గరిటెను చూడలేదు. వేడినీళ్ళ ఆవిరికి మసకబారిన కళ్ళద్దాల వెనక, కోపంతో గుండ్రంగా తిరిగిన రెండు కళ్ళను చూశాడు. అద్దం మీద మసక మెల్లగా కరిగి, ముందు ఒక కన్నూ తర్వాత రెండోదీ తేటపడ్డాయి. తెల్లారుతున్నట్టుంది అనుకున్నాడు. సాయంత్రం ఆరున్నరకి.

సామాన్ల సంచీ తీసుకుని ఆమె వెనకే కిందికి దిగాడు. వాళ్ళ సింకు కింద దూరి, పైపు విప్పి, అందులోంచి అమ్మమ్మ ఆరు నెలలుగా పోసిన టీ పొడిని బయటికి లాగాడు. ఓ చిన్న తోట వేసుకోవడానికి సరిపోయేంత.

అమ్మమ్మ స్టూలు మీద కూర్చుని వాకబు చేసింది. "ఏ సీసా అబ్బాయ్ అది?"

"వీధి మూల బాబాయ్ వైన్ షాపులో, కింది అరలోది అమ్మమ్మగారూ."

"మేమూ కింది అరే," అంది అమ్మమ్మ, చుట్టరికం కలిసినట్టు.

వీధి మూల బాబాయ్ షాపు గురించి ఒక మాట చెప్పాలి. పై అరల్లో బంగారు అక్షరాల సీసాలుంటాయి. వాటిని దుమ్ము తుడవడానికి తప్ప ఎవరూ దింపగా చూసినవాళ్ళు లేరు. కింది అరలో రోజువారీ ఎర్ర వైన్లు. ఏ పండగా రాకపోయినా, ఎవరికీ ప్రమోషన్ రాకపోయినా, బట్టలు మడతపెట్టుకుంటూ తాగడానికి పనికొచ్చేవి. బాబాయ్‌కి మోకాళ్ళ నొప్పులు, వంగలేడు. కావాల్సినవాళ్ళే వంగి తీసుకోవాలి. "మంచి సరుకు ముందు తల వంచితే తప్పేం లేదు" అనేవాడు.

"మేమిద్దరం శుక్రవారం, శనివారం భోజనంతో చెరో చిన్న గ్లాసు తాగుతాం," అంది అమ్మమ్మ. "సగం మిగిలిపోతుంది. నేను కూరల్లో పోసేస్తా."

"మూడు వారాలుగా మా ఇంట్లో బంగాళాదుంపలు కూడా ఊదారంగే," అంది అమ్మాయి.

సింకు కింద నుంచి నవ్వు వినబడింది. పైపులోంచి వచ్చిందో మనిషిలోంచి వచ్చిందో చెప్పడం కష్టం.

తీర్పు అమ్మమ్మే చెప్పింది. ఆఫీసు లిఫ్టులు ఆఫీసులు మూసినప్పుడే బాగు చేయాలి కాబట్టి అబ్బాయికి శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా బయటే పని, సోమవారం సెలవు. ఆదివారం సాయంత్రం ఇంటికి చేరతాడు. కనుక రెండిళ్ళకీ కలిపి వారానికి ఒకటే సీసా. కొనుక్కొచ్చే పని అబ్బాయిది, తెరిచే పని అమ్మాయిది. శుక్ర, శనివారాలు కిందింటివి. మిగిలిన సగానికి బిరడా బిగించి, ఆదివారం సాయంత్రం గుడ్డ సంచీలో పెట్టి పైయింటి తలుపు పిడికి తగిలించాలి.

"సింకుకి చుక్క పడకూడదు," అంది అమ్మమ్మ.

మొదటి ఆదివారం గుడ్డ సంచీలో సీసాతో పాటు ఒక చీటీ కూడా ఉంది. రబ్బరు బ్యాండుతో సీసా మెడకి కట్టి ఉంది. "కరుస్తుంది. కోపం ఎక్కువ. జాగ్రత్త. ఇట్లు, కిందిల్లు."

అతను బూట్లు విప్పి, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, భయం భయంగా ఒక గుక్క తాగాడు. కరవలేదు సరికదా, నాలుక మీద మెత్తగా ముడుచుకుని పడుకుంది. చీటీ వెనక రాసి, ఖాళీ సంచీ కిందింటి పిడికి తగిలించాడు. "నన్నేం చేయలేదండీ. పిల్లిపిల్లలా వచ్చి ఒళ్ళో కూర్చుంది. ఇట్లు, పైయిల్లు."

ఇక్కడే వచ్చింది చిక్కు.

గురువారం అతను బాబాయ్‌ని అడిగాడు. "అదే సీసా బాబాయ్. ఆవిడని కరిచింది, నన్ను ముద్దు చేసింది. ఏమిటిది?"

"ఆవిడ ఏ రోజు తాగింది?"

"శుక్రవారం. నేను ఆదివారం."

"అదీ సంగతి! బిరడా తీశాక గాలి తగులుతుంది బాబూ. మొదటి రోజు కరిచేది మూడో రోజుకి నిమ్మళిస్తుంది. మొదటి రోజే మెత్తగా ఉండేది మూడో రోజుకి చచ్చిపోతుంది. గ్లాసులో ఆకారం ఉంటుంది గానీ ప్రాణం ఉండదు."

"అయితే మొదటి రోజే మెత్తగా ఉండేది ఇవ్వండి."

"మూడో రోజు తాగేవాడివి నువ్వు కదయ్యా?"

"అవును."

బాబాయ్ అతని మొహంలోకి అరనిమిషం చూశాడు. నలభై ఏళ్ళుగా సీసాలమ్ముతున్న మనిషి, మూత తీయకుండానే లోపలేముందో కనిపెట్టగలడు. "కింది అరలో ఎడమ చివర," అన్నాడు. "వంగు."

అలా తొమ్మిది వారాలు గడిచాయి.

శుక్రవారం సాయంత్రం షాపు నుంచి వచ్చాక అమ్మాయి కిటికీ తీసి, సీసా తెరిచి, ఇస్త్రీ బల్ల మీద గ్లాసు పెట్టుకునేది. పోతున్న వెలుగు గ్లాసులోంచి దూరి, ఆమె ఇస్త్రీ చేస్తున్న తెల్ల చొక్కా మీద ఎర్రటి నాణెంలా పడేది. చొక్కా జరిపితే నాణెం కదిలేది. అమ్మమ్మ రేడియో పెట్టుకుని, తన చిన్న గ్లాసును మందులా కాకుండా, మాటలా నెమ్మదిగా తాగేది. వాళ్ళ గొంతులు, రేడియో పాట, ఇస్త్రీ ఆవిరి అన్నీ కలిసి కిటికీలోంచి పైకి వెళ్ళేవి. పైయిల్లు ఆ వేళకి ఖాళీ. కానీ ఆదివారం దాకా అవి అక్కడే గాల్లో వేచి ఉండేవని నాకు గట్టి నమ్మకం. లేకపోతే ఆ కుర్రాడు తలుపు తీయగానే ఊరికే నవ్వుకోవడం దేనికి?

ఆదివారం అతను కిటికీ దగ్గర కూర్చుని చచ్చిన వైన్ తాగుతూ, సంచీలో అమ్మమ్మ పెట్టిన కేకు ముక్క నములుతూ చీటీ చదివేవాడు.

"ఈ వారం ఒక పెద్దాయన కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని, పక్కనున్న భార్యని చూసి, 'నువ్వు నవ్వుతావా!' అన్నాడు. ఆవిడ వెంటనే మానేసింది. వైన్ మెత్తగా ఉంది."

అతను జవాబు రాసేవాడు. "ఈ వారం ఒక లిఫ్ట్‌లో ఇద్దరు ఇరుక్కున్నారు. తలుపు తీయబోతే, లోపలి నుంచి ఇంకో పది నిమిషాలాగి రమ్మన్నారు. వైన్ బాగుంది."

ఇంకో వారం, "వాన పడితే మీ ఇంటి నేల మీద మీరు నడిచే చప్పుడు మాకు వినబడదు. ఇల్లు ఖాళీగా ఉన్నట్టుంటుంది, అని అమ్మమ్మ అంటోంది. వైన్ మెత్తగా ఉంది."

అమ్మమ్మ అలా అనలేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. ఆ చీటీని నాలుగుసార్లు చదివాడు, వాన పడుతున్నా కావాలని గట్టిగా అడుగులేస్తూ గదంతా తిరిగాడు. "వైన్ చాలా బాగుంది" అని రాశాడు.

ఒక సోమవారం ధైర్యం చేసి కళ్ళద్దాల షాపుకి వెళ్ళాడు. ఆమె అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద ఇనప చట్రం పెట్టి, అద్దాలు మార్చసాగింది. ఆమె మొహం జానెడు దూరంలో ఉంది. గోడ మీది అక్షరాలు ఎటు పోయాయో అతనికి తెలియలేదు.

"ఇది బాగుందా? ఇదా?"

"రెండూ బాగున్నాయండీ."

"రెండూ బాగుండవు. ఏదో ఒకటే. సరిగా చూసి చెప్పండి."

"మీరు ఏది పెట్టినా బాగుందండీ."

ఆమె చట్రం తీసేసింది. "మీలాంటివాళ్ళే నాకు తలనొప్పి. అడిగితే మొహమాటానికి 'బాగుంది' అంటారు. ఆ అద్దాలే పెట్టుకెళ్ళి వీధి స్తంభానికి నమస్కారం పెట్టి, నన్ను తిడతారు. ఇక్కడ ఉన్నమాట చెప్పాలి, తెలిసిందా?"

"తెలిసిందండీ."

"మీ కళ్ళకి ఏ లోపమూ లేదు. అసలెందుకొచ్చారు?"

"చూద్దామని."

"ఏం చూద్దామని?"

"కనబడుతోందా లేదా అని."

"కనబడిందా?"

"బాగా," అన్నాడు అతను. బయటికొచ్చి, కళ్ళకి ఏ లోపమూ లేకుండానే స్తంభానికి గుద్దుకున్నాడు.

పదో వారం గురువారం, సీసా ఇవ్వడానికి అతను కిందింటి తలుపు తట్టబోతుంటే మెట్ల మీదే ఎదురైంది ఆమె. గొడుగులోంచి నీళ్ళు కారుతున్నాయి. మొహంలో ఒక వెలుగూ, దాని వెనకే ఒక దిగులూ ఉన్నాయి.

"మా కంపెనీ వాళ్ళు సముద్రం ఒడ్డున ఊళ్ళో కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. నన్ను నడపమంటున్నారు. నన్నే. మొత్తం షాపు నాకే ఇస్తారట." ఊపిరి పీల్చుకుంది. "రైల్లో ఆరు గంటలు. సోమవారం పొద్దున పదింటికి జవాబు చెప్పాలి. మీరేమంటారు?"

అనాల్సిన మాట లోపలే ఇరుక్కుంది. అమ్మమ్మ టీ పొడి కన్నా మొండిది.

"బాగుందండీ," అన్నాడు. "మంచి అవకాశం. వెళ్ళండి."

"అంతేనా?"

"చాలా బాగుంది."

ఆమె గొడుగు ముడిచింది. సీసా అందుకుంది. తలుపు మెల్లగా వేసుకుంది. గట్టిగా వేసి ఉంటే అతనికి కాస్త నిద్రపట్టేది.

మొహమాటం మీద మనవాళ్ళు పెట్టిన సామెత ఒకటుంది. పెద్దవాళ్ళనడిగి తెలుసుకోండి, నేనిక్కడ రాయలేను.

ఆదివారం సాయంత్రం గుడ్డ సంచీ పిడికి తగిలించి లేదు. ఆమె చేతిలోనే ఉంది. అతను తాళం తీస్తుంటే వెనకే వచ్చి నిలబడింది.

"రేపు ఒప్పుకుంటున్నా. ఇక ఎన్ని సీసాలు మిగిలాయో ఏమో. ఇవాళ మీతో పాటు తాగుదామని వచ్చా. మూడో రోజు ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు."

అతని మొహం పాలిపోయింది. "వద్దండీ. గ్లాసు ఒకటే ఉంది."

"కప్పు చాలు."

"కుర్చీ కూడా..."

"నిలబడి తాగుతా. ఏమిటండీ మీ కంగారు?"

బిరడా తీసి, అక్కడున్న టీ కప్పులో రెండు గుక్కలు పోసుకుని తాగింది. ఆగింది. కప్పులోకి చూసింది. మళ్ళీ తాగింది.

"ఇదేమిటి? కప్పు తొలిచిన నీళ్ళలా ఉంది!"

అతను కిటికీ వైపు చూశాడు.

"ఈ ఒక్కవారమేనా?"

అతను కిటికీ వైపే చూశాడు.

"ఎన్ని వారాలుగా?"

"రెండోవారం నుంచి అండీ."

ఆమె కప్పు బల్ల మీద పెట్టింది. చప్పుడు కాలేదు. "ప్రతివారం 'వైన్ బాగుంది' అని రాశారు. నేను ఆ చీటీలు దాచుకున్నా. చచ్చిన వైన్‌ని ఎనిమిది వారాలు బాగుందన్న మనిషి గురువారం నాతో 'బాగుంది, వెళ్ళండి' అన్నాడు. ఆ మాట ఏ రకందండీ? బతికిందా, చచ్చిందా?"

అతను నోరు తెరిచాడు. మొహమాటం వచ్చి మూసింది.

"రోజూ నలభై మందిని ఉన్నమాట చెప్పమని బతిమాలుకునేదాన్ని. ఇంటికొస్తే పైన మీరు." ఆమె కళ్ళద్దాలు మళ్ళీ మసకబారాయి. ఈసారి ఆవిరి వల్ల కాదు. "రేపు జవాబు చెప్పడానికి నాకు ఒక్క నిజం కావాలి. మీ దగ్గర లేదు."

ఆమె మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాతి గంటలో అతను ఆ పద్దెనిమిది మెట్లూ ఎన్నిసార్లు దిగి, ఎన్నిసార్లు వెనక్కి ఎక్కాడో చెబితే కోతలంటారు. ఆ మెట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే వాన మేఘాన్ని పైనుంచి తొంగి చూడొచ్చు. కింద అమ్మమ్మ చెవి రిక్కించి లెక్కపెడుతోంది.

"తలుపు దాకా వచ్చాడే. ఆ, మళ్ళీ పైకి పోయాడు. ఐదోసారి."

"పోనీ అమ్మమ్మా," అంది అమ్మాయి ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి. తెల్ల చొక్కా చేతిని అప్పటికి మూడుసార్లు ఇస్త్రీ చేసింది.

"ఆరోసారి వస్తే నేనే తీస్తా. వాడి మోకాళ్ళు కూడా బాబాయ్ మోకాళ్ళలా అయిపోతాయి."

ఆరోసారి అతను చెయ్యెత్తకముందే తలుపు తెరుచుకుంది.

"రా, బాగుందబ్బాయ్."

అతను గుమ్మంలోనే నిలబడ్డాడు. పాఠం అప్పజెప్పే పిల్లాడిలా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేను చెప్పిన అబద్ధాలన్నీ సరిచేసి వెళ్ళిపోతానండీ."

అమ్మాయి తిరిగి చూడలేదు. "చెప్పండి."

"రెండోవారం నుంచి వైన్ బాగాలేదు."

"అది తెలిసింది."

"మీరు తడి గొడుగు మెట్ల మీద ఆరబెడతారు. ఫర్వాలేదా అని అడిగితే మెట్లకి అందమొచ్చింది అన్నాను. రెండుసార్లు జారిపడ్డాను."

ఇస్త్రీ పెట్టె ఆగింది.

"అమ్మమ్మగారి కేకు..."

"కేకు జోలికి రాకు," అంది అమ్మమ్మ.

"అది కేకు కాదండీ, రాయి. లిఫ్ట్ పైకి పోవాలంటే రెండోవైపు బరువు కడతాం. దానికి సరిగ్గా సరిపోతుంది."

వాన కూడా ఒక క్షణం ఆగి విన్నదంటే మీరు నమ్మరు. అమ్మమ్మ పెదవులు వణికాయి, ఆ తర్వాత భుజాలు, ఆ తర్వాత మనిషంతా నవ్వులో కదిలిపోయింది. "పన్నెండేళ్ళుగా ఈ పిల్ల మాట్లాడకుండా నములుతోంది! చెప్పినవాడివి నువ్వొక్కడివే. లోపలికి రా నాయనా."

అతను రాలేదు. "ఇంకొకటుంది అమ్మమ్మగారూ. అది చెప్పాకే." అమ్మాయి వీపు వైపు చూస్తూ అన్నాడు. "ఆ బ్రాంచి మీకొస్తే బాగుంటుంది. అది నిజమే. మీరు వెళ్ళిపోతే నాకు బాగుండదు. అస్సలు బాగుండదు. అదీ నిజమే. గురువారం మొదటిది చెప్పి రెండోది మింగేశాను. మీరంటే నాకు ఇష్టం. ఇది మిమ్మల్ని సంతోషపెట్టడానికి అంటున్నది కాదు. మీకు కోపమొచ్చినా ఇదే మాట."

ఆమె ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసింది. నెమ్మదిగా ఇటు తిరిగింది.

"ఒక్క సంగతి చెప్పండి. మెత్తటి వైన్లే ఎందుకు కొన్నారు?"

"మొదటివారం కరిచిందని రాశారు కదండీ. మీకు శుక్రవారం బాగుండాలని."

"కరిచిందని రాశా. బాగాలేదని రాశానా?"

అతను తెల్లబోయాడు.

"నాకు కరిచేవే ఇష్టమండీ! ఆ మొదటివారం సీసా లాంటిది మళ్ళీ ఎప్పుడొస్తుందా అని తొమ్మిది వారాలు చూశాను!"

"మరి మీరు ప్రతివారం మెత్తగా ఉంది, మెత్తగా ఉంది అని..."

"మీకు పిల్లిపిల్లలు ఇష్టమనుకున్నా!"

"శుక్రవారం వస్తే చాలు," అమ్మమ్మ అందుకుంది, "గ్లాసు పట్టుకుని 'చప్పగా ఉందమ్మమ్మా, పోనీలే, పాపం పైనాయనకి ఇలాంటివే ఇష్టం' అనేది. నేను కూరలో పోస్తానంటే పడనిచ్చేది కాదు. ఒకరికి నచ్చంది ఒకరు కొనడం, ఇద్దరికీ నచ్చంది ఇద్దరూ తాగడం. ఆ సింకే నయం. నచ్చకపోతే కక్కింది."

అమ్మాయి నవ్వబోయింది, మధ్యలో అది ఏడుపుగా మారబోయింది, రెండూ కలిసి ఎక్కిళ్ళుగా తేలాయి. "నలభై మందిని ఉన్నమాట చెప్పమని తిట్టేదాన్ని. నేను రాసినవీ అబద్ధాలే."

"రేపు పదింటికి ఏం చెబుతారండీ?" అన్నాడు అతను.

"వెళ్తానని చెబుతా."

అతను తలూపాడు. ఈసారి బాగుంది అనలేదు. కళ్ళు దించుకున్నాడు.

"ఆ షాపు నాకు కావాలి," అంది ఆమె. "కుర్చీ ఏ వైపు వేయాలో, కిటికీకి ఏ తెర కట్టాలో కూడా అనుకున్నా. అది నిజం. మీరూ కావాలి. గురువారం మీరు వద్దంటారేమో, కాస్త పోట్లాడదామని ఆశపడ్డా. అదీ నిజమే. ఆ ఊళ్ళో లిఫ్టులుంటాయి కదా?"

అతను తలెత్తాడు. "ఐదంతస్తులు దాటిన మేడలున్న ఏ ఊళ్ళోనైనా నాకు పని ఉంటుందండీ."

"ముందు ఆ 'అండీ' తీసేయండి ఇద్దరూ," అంది అమ్మమ్మ. "వినలేక చస్తున్నా. నా వైపు నుంచి అడ్డేం లేదు. కాకపోతే కొత్త ఊళ్ళో నాకు కింది అంతస్తే కావాలి."

"ఇంట్లో లిఫ్ట్ మెకానిక్ ఉంటాడు కదా అమ్మమ్మా."

"అందుకే భయం. వీడు బాగు చేసిన లిఫ్ట్ మొహమాటపడి ప్రతి అంతస్తులో ఆగితే?"

ఆమె ముందు వెళ్ళింది, అమ్మమ్మతో. అతనికి పని దొరకడానికి పదకొండు వారాలు పట్టింది. శని, ఆదివారాలు సెలవని కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టాడు. పాత కంపెనీలో అలాంటి మాట నోరు తెరిచి అడిగి ఉండేవాడు కాదు.

రైలు దిగేసరికి శుక్రవారం సాయంత్రం. సముద్రం మీంచి వాన వస్తోంది, తొందరేమీ లేనట్టు. స్టేషన్ బయట ఆమె గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. పదకొండు వారాల్లో మొదటిసారి ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఏం మాట్లాడాలో తోచక, గొడుగు ఎవరు పట్టుకోవాలన్న దాని మీద పోట్లాడుకున్నారు. ఆ పోట్లాట ముగిసేసరికి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

దారిలో ఒక వైన్ షాపు. అక్కడా ఒక కింది అర ఉంది. అతను వంగి, చాలాసేపు వెతికి, ఒక సీసా తీశాడు.

కింది అంతస్తు ఇల్లు. వంటింటి కిటికీలోంచి రేవులో దీపాలు కనబడుతున్నాయి. అమ్మమ్మ రొట్టె కోసింది, రేడియో పెట్టింది. ఆమె బిరడా లాగి, మూడు గ్లాసుల్లో పోసి, తన గ్లాసు రుచి చూసి కళ్ళు మూసుకుంది. పెదవుల మీద ఎర్రటి గీత మిగిలింది.

"ఎలా ఉంది?" అడిగింది, కళ్ళు తెరవకుండానే.

అతను ఒక గుక్క తాగాడు. మొహం చిట్లించాడు. "కరుస్తోంది."

"నాకు భలే ఉంది."

"నాకు లేదు." ఆ మాట అని తనే ఆశ్చర్యపోయాడు. ఆకాశం ఊడిపడలేదు. ఆమె ఒక కన్ను తెరిచి నవ్వింది, ఆ తర్వాత రెండోది తెరిచింది.

"అయితే మార్చేద్దామా?"

"వద్దు. ఆదివారానికి మెత్తబడుతుంది."

"అప్పటిదాకా ఆగుతావా?"

"ఇక్కడే ఉంటాగా," అన్నాడు అతను.

ఆమె బిరడా బిగించి, సీసాను కిటికీ పక్కన పెట్టింది.